సత్యం జంక్షన్ నుంచి సముద్రం కేబుల్ దాకా: రాజు వేగేశ్న కథ

ఈసారి కూడా మన సీతమ్మధార మేడ మీద నుంచే మాట్లాడుతున్నాను. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే సర్దుకుపోండి, వంట టైమ్ ఇది.

అసలు ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను. మా కింద పోర్షన్ కుర్రాడు మార్చేశాడు. పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి పైకొచ్చాడు. డెలివరీ పని చేస్తాడు, ఇంకా ఆ టీషర్ట్ కూడా విప్పలేదు. "అన్నయ్యా, రెండు లక్షలున్నాయి, ఒకచోట పెడదామనుకుంటున్నా" అన్నాడు.

"ఎక్కడివిరా?"

"అమ్మ చీటీ పాడింది. చెల్లి ఫీజు కట్టాలి. కట్టడానికి ఇంకా రెండు నెలలు టైముందిగా, ఈలోగా డబుల్ చేసేస్తే అయిపోద్ది."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. టెలిగ్రామ్ గ్రూపు. పేరు చెప్పను, వాళ్లకి పబ్లిసిటీ ఎందుకు. అందులో మెసేజ్: వైజాగ్‌లో డేటా సెంటర్ కడుతున్న సిఫీ కంపెనీ ఐపీఓకి వస్తోంది, ముందే షేర్లు ఇప్పిస్తాం, నాలుగు రెట్లు గ్యారంటీ, ఇవాళ పదివేలు అడ్వాన్స్ కొడితే చాలు. కింద ఒక పెద్దాయన ఫొటో, "బిలియనీర్ రాజు వేగేశ్న" అని.

ఆ ఫొటో చూడగానే నాకు నవ్వొచ్చింది. అది ఆ రాజు వేగేశ్న కాదు. మీరూ సెర్చ్ చేసి చూడండి, ఆ పేరుతో టెక్ ప్రపంచంలో ఇద్దరున్నారు. ఒకాయన జోహో కంపెనీలో చీఫ్ ఎవాంజలిస్ట్, సభల్లో, ఇంటర్వ్యూల్లో కనిపిస్తుంటాడు. రెండో ఆయన సిఫీ టెక్నాలజీస్ ఛైర్మన్, పెద్దగా కనిపించడు. గ్రూపువాళ్లు మొదటాయన ఫొటో తెచ్చి రెండో ఆయన కంపెనీకి అంటించారు. షేర్లు ఇప్పిస్తామన్నవాళ్లకి ఓనర్ మొహం కూడా తెలీదన్నమాట.

కుర్రాడికి ఇది చెప్పాను. "ఫొటో తప్పయితే ఏటన్నయ్యా, కంపెనీ నిజమే కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. అందుకే కూర్చోబెట్టి ఆ రాత్రి మొత్తం కథ చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఈ కథ ఒక బస్టాపు దగ్గర మొదలవుతుంది. మా సీతమ్మధార నుంచి హైవే మీదకి దిగితే గురుద్వారా, ఆ పక్కనే సత్యం జంక్షన్. ఆటోవాడిని అడగండి, "సత్యం" అంటే చాలు తీసుకెళ్తాడు. ఈ తరం పిల్లలు ఆ పేరు ఏదో సినిమా హాలుదనుకుంటారు. కాదు. అక్కడ సత్యం కంప్యూటర్స్ ఆఫీసు ఉండేది. కంపెనీ పోయింది, బోర్డు మారింది, జంక్షన్ పేరు మాత్రం ఉండిపోయింది.

సత్యం కంప్యూటర్స్‌ని 1987లో పెట్టింది బి. రామలింగరాజు. ఆయన కథ మీలో చాలామందికి తెలుసు, వెబ్ సిరీస్ కూడా వచ్చింది. ఈ ఎపిసోడ్ హీరో ఆయన కాదు. కానీ ఆయన కంపెనీకి ఒక పిల్ల కంపెనీ ఉండేది, దాని పేరు సత్యం ఇన్ఫోవే. 1995 డిసెంబర్‌లో పుట్టింది. అదే తర్వాత సిఫీ అయింది.

1998 దాకా మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ కావాలంటే ప్రభుత్వ కంపెనీ వి.ఎస్.ఎన్.ఎల్. ఒక్కటే దిక్కు. ఆ ఏడాది నవంబర్‌లో ప్రైవేటు వాళ్లకి తలుపులు తెరిచారు. వెంటనే దిగినవాళ్లలో ఈ సత్యం ఇన్ఫోవే ఒకటి, "సత్యం ఆన్‌లైన్" పేరుతో. ఇప్పుడు రోజుకి రెండు జీబీలు రీల్స్‌కే ఖర్చు పెట్టేవాళ్లకి ఇది ఎలా చెప్పాలో తెలీట్లేదు గానీ, అప్పట్లో గంటల లెక్కన ఇంటర్నెట్ కొనుక్కునేవాళ్లం. ఫోన్ లైన్‌కి మోడెమ్ తగిలిస్తే కీచుమని అరిచి, గరగరమని, ఒక నిమిషం తర్వాత కనెక్ట్ అయ్యేది. ఆ టైములో ఇంటికి ఎవరైనా ఫోన్ చేస్తే ఎంగేజ్.

తర్వాత వాళ్లవే ఐవే సైబర్ కేఫ్‌లు వచ్చాయి. నేను ఇంటర్ చదివేటప్పుడు ద్వారకానగర్‌లో ఒక దానికి వెళ్లేవాణ్ణి. ఎంసెట్ ర్యాంక్ అక్కడే చూసుకున్నా. పేజీ పైనుంచి కిందకి మెల్లగా దిగుతుంటే ముందు నా పేరు కనిపించింది, ర్యాంకు కనిపించడానికి ఇంకో అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం సంగతి ఇంకో ఎపిసోడ్‌లో చెబుతా.

ఇక డబ్బు విషయానికొద్దాం. ఇక్కడి నుంచి కొన్ని అంకెలు చెబుతాను, కాస్త గుర్తుపెట్టుకోండి. అన్నీ ఒకే కంపెనీ, ఒక్క షేర్ ధరలు.

1999 అక్టోబర్‌లో సత్యం ఇన్ఫోవే అమెరికాలో నాస్డాక్‌లో లిస్ట్ అయింది. అక్కడికెళ్లిన భారతీయ ఇంటర్నెట్ కంపెనీల్లో మొదటిది ఇదే. షేర్ 18 డాలర్లకి అమ్మారు. డాట్‌కామ్ పిచ్చి పీక్‌లో ఉన్న రోజులవి. నాలుగు నెలలు తిరిగేసరికి, 2000 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త షేర్లు అమ్మారు. ఈసారి ఒక్క షేర్‌కి లెక్కగడితే 320 డాలర్లు. కంపెనీ అదే, మోడెమ్ కీచుమనడమూ అదే, కనెక్షన్ మధ్యలో తెగిపోవడమూ అదే. ధర మాత్రం పదిహేడు రెట్లు దాటింది.

ఆ ఊపులోనే 1999 నవంబర్‌లో రాజేష్ జైన్ అనే ఆయన దగ్గర్నుంచి ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీని 499 కోట్ల రూపాయలకి కొంటున్నామని ప్రకటించారు. సమాచార్, ఖోజ్, బావర్చి లాంటి సైట్లవి. వార్తలకొకటి, వెతుక్కోడానికొకటి, వంటలకొకటి. కొన్ని వెబ్‌సైట్లకి 499 కోట్లా అని దేశమంతా నోరెళ్లబెట్టింది.

మా బాబాయి కూడా నోరెళ్లబెట్టాడు. స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. నోరు మూసుకున్నాక పీఎఫ్ లోన్ తీశాడు. 2000 మార్చిలో ఒక ఐటీ షేర్ కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. నలభై వేలు పెడితే ఏడాదికల్లా నాలుగు వేలయింది. ఆ స్టేట్‌మెంట్ కాగితాన్ని పిన్ని పెళ్లి పట్టుచీర మడతలో పెట్టి బీరువాలో దాచాడు. ఎందుకు దాచాడంటే, పారేస్తే నిజంగా పోయినట్టు అవుతుందని. ఇప్పటికీ దీపావళికి ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, పిన్ని ఏమీ అనదు, స్వీట్ ప్లేటు మాత్రం బాబాయి ముందు నుంచి పక్కకి జరుగుతుంది.

సరే, ఇప్పుడు అసలు రాజు గారి దగ్గరికి వెళ్దాం. ఇదంతా జరుగుతున్నప్పుడు రాజు వేగేశ్న ఈ కంపెనీలో లేడు. కాలిఫోర్నియాలో చిప్‌లు చేసుకుంటున్నాడు.

చదువు: బెంగళూరు యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, తర్వాత అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్. ఐఐటీ కాదు, స్టాన్‌ఫర్డ్ కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కామెంట్లలో ప్రతిసారీ "అన్నా, టైర్ త్రీ కాలేజీ, నా లైఫ్ అయిపోయిందా" అని అడిగేవాళ్లున్నారు, మీకోసం. మైక్రోప్రాసెసర్ల మీద, ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లు కలిసి పనిచేసే పద్ధతుల మీద ఆయనకి అమెరికా పేటెంట్లున్నాయి. అంటే ముందు పని నేర్చిన ఇంజనీర్, తర్వాతే వ్యాపారి.

1994లో రిలయన్స్ కంప్యూటర్ కార్పొరేషన్ అని ఒక కంపెనీ పెట్టాడు. మన అంబానీల రిలయన్స్‌తో సంబంధం లేదు. తర్వాత దాని పేరు సర్వర్‌వర్క్స్ అయింది. చేసేది ఒకటే పని, సర్వర్లకి చిప్‌సెట్లు.

చిప్‌సెట్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెబుతా. మద్దిలపాలెం జంక్షన్ ఊహించుకోండి. హైవే మీద నుంచి లారీలు, యూనివర్సిటీ వైపు నుంచి బైకులు, డిపో నుంచి బస్సులు. మధ్యలో ఒక కానిస్టేబుల్ లేకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. కంప్యూటర్‌లో ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ కార్డు మధ్య ఆ కానిస్టేబుల్ పని చేసేదే చిప్‌సెట్. మన ఇంట్లో కంప్యూటర్‌కి ఒక ప్రాసెసర్ ఉంటే, సర్వర్‌కి రెండు, నాలుగు ఉంటాయి. ట్రాఫిక్ ఎక్కువ. మామూలు కానిస్టేబుల్ సరిపోడు.

ప్రాసెసర్ తయారుచేసేది ఇంటెల్. చిప్‌సెట్ కూడా ఇంటెలే చేసుకుంటుంది. అలాంటప్పుడు ఒక చిన్న కంపెనీ ఇంటెల్ ప్రాసెసర్‌కి చిప్‌సెట్ చేసి బతకడం ఎలా? ఇక్కడే ఇంటెల్ ఒక తప్పటడుగు వేసింది. 1999, 2000 ప్రాంతంలో రాంబస్ అనే కొత్త రకం మెమరీ మీద పందెం కట్టింది. అది ఖరీదెక్కువ. మామూలు మెమరీని దానికి అతికించడానికి ఇంటెల్ చేసిన ఒక చిప్‌లో లోపం బయటపడి, 2000లో మదర్‌బోర్డులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సర్వర్‌వర్క్స్ ఆ దారి పట్టలేదు. అందరి దగ్గరా దొరికే మామూలు ఎస్‌డీ ర్యామ్‌తోనే వేగం తెప్పించింది. సర్వర్‌లో మెమరీ బోలెడంత పెట్టాలి కదా, ఆ ఖర్చు తగ్గితే కొనేవాడికి ఎంత లాభం! కాంపాక్, డెల్, హెచ్‌పీ, ఐబీఎం లాంటి సర్వర్ కంపెనీలు ఈ చిప్‌సెట్లు కొన్నాయి. చివరికి ఇంటెల్ కూడా తన సొంత సర్వర్ బోర్డుల్లో వీటిని వాడింది. పెళ్లివారే పక్కింటి నుంచి వంటలు తెప్పించుకున్నట్టు.

నన్నడిగితే ఈయన మొత్తం కెరీర్‌లో బాగా నచ్చే భాగం ఇదే. ఇందులో షేర్ మార్కెట్ లేదు, హైప్ లేదు. పెద్దవాడు ఖరీదైన దారిలో వెళ్తుంటే, చిన్నవాడు చవక దారిని సరిగ్గా వేశాడు.

2001 జనవరిలో బ్రాడ్‌కామ్ కంపెనీ సర్వర్‌వర్క్స్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. విలువ 95 కోట్ల 70 లక్షల డాలర్లు. అప్పటి రేటుకి 4,400 కోట్ల రూపాయల పైచిలుకు. "బిలియన్ డాలర్ల రాజు" అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే.

ఇక్కడ కుర్రాడు మధ్యలో అడ్డొచ్చాడు. "అంటే అన్నయ్యా, ఆయన అకౌంట్లో నాలుగు వేల కోట్లు పడిపోయాయా?"

పడలేదు. ఇది జాగ్రత్తగా వినండి, హెడ్‌లైన్లు చదివేటప్పుడు పనికొస్తుంది. మొదటి విషయం, ఆ డబ్బు ఆయనొక్కడిది కాదు, కంపెనీలో షేర్లున్న వాళ్లందరిదీ, ఉద్యోగులతో సహా. రెండోది, అది నగదు కాదు. బ్రాడ్‌కామ్ తన సొంత షేర్లిచ్చి కొన్నది. అంటే నేను మీ ఇల్లు కొని, డబ్బుకి బదులు నా ఇంట్లో వాటా రాసిచ్చినట్టు. నా ఇంటి రేటు పడిపోతే మీ ఇంటికొచ్చిన ధరా పడిపోయినట్టే. బ్రాడ్‌కామ్ షేర్ 2000 ఆగస్టులో 270 డాలర్లు దాటింది. 2002 ముగిసేసరికి 15 డాలర్ల దగ్గరుంది. ఎవరు ఎప్పుడు అమ్ముకున్నారన్న దాన్ని బట్టి ఒక్కొక్కరి చేతికి ఒక్కో లెక్క వచ్చి ఉంటుంది. పేపర్లో పడిన బిలియన్ ఆ ఒక్కరోజు ధర, అంతే.

ఇప్పుడు మళ్లీ మన జంక్షన్‌కి వద్దాం.

2005 నాటికి సిఫీ పరిస్థితి వేరు. డాట్‌కామ్ బుడగ పగిలిపోయింది. పేరు కూడా సత్యం ఇన్ఫోవే నుంచి సిఫీ లిమిటెడ్ అయింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లల్లోకి వస్తోంది, డయల్-అప్‌ని అడిగేవాడు తగ్గుతున్నాడు. తల్లి కంపెనీ సత్యానికి ఈ పిల్ల మీద మోజు తీరిపోయింది. ఆ నవంబర్‌లో రాజు వేగేశ్న తన ఇన్ఫినిటీ క్యాపిటల్ వెంచర్స్ ద్వారా సత్యం దగ్గరున్న 31.6 శాతం వాటా మొత్తం కొనేశాడు. ధర 6 కోట్ల 26 లక్షల డాలర్లు. దానికి తోడు కొత్త షేర్లు తీసుకుని, ఇంకో 3 కోట్ల 75 లక్షల డాలర్లు నేరుగా కంపెనీలోకే పెట్టాడు.

ఒక్క షేర్ ఎంత పడిందో తెలుసా? 5 డాలర్ల 60 సెంట్లు. 18కి మొదలై, 320కి ఎక్కి, 5.60కి దిగిన చోట ఆయన ఎక్కాడు. కుర్రాడు వెంటనే "అబ్బ, బాటమ్‌లో పట్టేశాడు!" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోమన్నాను, ఇంకో పది నిమిషాల్లో దానికొద్దాం అని.

ఈ అమ్మకం వల్ల ఇంకొకటి జరిగింది, అప్పటికి ఎవరికీ తెలీదు. మూడేళ్లు తిరిగాక 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒక్కరోజులో షేర్ నూటడెబ్భై పైనుంచి నలభై రూపాయల దగ్గరికి పడిపోయింది. ఆ సాయంత్రం నేను సత్యం జంక్షన్ దగ్గర టీకి ఆగాను. మామూలుగా ఆ టైముకి మెడలో ఐడీ కార్డులతో గోల గోలగా ఉండేవాళ్లు. ఆ రోజు కార్డులు జేబుల్లో పెట్టేసుకున్నారు. టీ తాగి, డబ్బులిచ్చి, మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో షేర్ 58 రూపాయల లెక్కన గెలిచింది. 2015లో కోర్టు రామలింగరాజుకి ఏడేళ్ల శిక్ష వేసింది. సిఫీ అప్పటికే ఇంకో చేతిలో ఉంది కాబట్టి, ఆ ఇల్లు కూలినప్పుడు దాని కింద లేదు.

రాజు వేగేశ్న ఛైర్మన్ అయ్యాక సిఫీ పోర్టళ్ల నుంచి, కేఫ్‌ల నుంచి మెల్లగా పక్కకి జరిగింది. ఐవేలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఫోన్లలోనే నెట్ వస్తుంటే కేఫ్‌కి ఎవడొస్తాడు? దాని బదులు బ్యాంకులకి, కంపెనీలకి నెట్‌వర్క్ లైన్లు వెయ్యడం, వాళ్ల సర్వర్లు పెట్టుకోడానికి డేటా సెంటర్లు కట్టడం, ముంబై వెర్సోవాలో సముద్రపు కేబుళ్లు దిగే స్టేషన్ నడపడం. మొదటి డేటా సెంటర్ ముంబై దగ్గర వాషిలో, అది 2000లోనే పెట్టింది. ఆ పిచ్చి రోజుల్లో కొన్న వాటిలో చాలావాటిని ఇవాళ ఎవరూ తలచుకోరు. ఎవరూ పట్టించుకోని ఆ వాషి బిల్డింగు వ్యాపారమే కంపెనీకి దారి చూపింది.

డేటా సెంటర్ అంటే పెద్ద మిస్టరీ ఏం లేదు. ఒక రకంగా అద్దె ఇళ్ల వ్యాపారం. సీతమ్మధారలో అపార్ట్‌మెంట్ అద్దె చదరపు అడుగుల్లో చెబుతారు కదా, డేటా సెంటర్ సైజు మెగావాట్లలో చెబుతారు. ఎందుకంటే అక్కడ కిరాయికిచ్చేది నేల కాదు, ఆగని కరెంటు, ఆగని చల్లదనం. 50 మెగావాట్లు అంటే ఒకటిన్నర కిలోవాట్ల ఏసీలు 33 వేలు ఒకేసారి నడిచినంత కరెంటు. డీజిల్ జనరేటర్లు, బ్యాటరీలు, చిల్లర్లు అన్నీ ముందే కొనాలి. కిరాయి మాత్రం నెలనెలా వస్తుంది. అందుకే ఈ వ్యాపారంలో అప్పు ఎక్కువ, వడ్డీ ఎక్కువ, తరుగుదల ఎక్కువ. 2024-25లో సిఫీ టెక్నాలజీస్ మొత్తం రాబడి దాదాపు 4,000 కోట్లు. ఆ ఏడాది నికరంగా వచ్చింది నష్టం.

ఇప్పుడు ఇందాకటి మాట. "బాటమ్‌లో పట్టేశాడు" అన్నాడు కదా కుర్రాడు. 2005లో 5.60కి కొన్న షేర్, 2024లో ఒక డాలర్ కంటే తక్కువకి పడింది. పంతొమ్మిదేళ్ల తర్వాత! నాస్డాక్‌లో ఒక రూలుంది, డాలర్ కంటే కింద ఎక్కువకాలం ఉంటే తీసేస్తారు. అందుకని ఆ అక్టోబర్‌లో ఆరు షేర్లు కలిపి ఒక యూనిట్‌గా చేసి ధర పైకి కనిపించేలా సర్దారు. ఈ మధ్య యాప్‌లో సిఫీ ధర చూసి "పది డాలర్లు దాటింది, డబుల్ అయింది" అనుకునేవాళ్లు ఉంటారు. ఆరుతో భాగించి చూసుకోండి. బాబాయి బీరువాలో కాగితం చూసినప్పుడు ఏమనిపించిందో, 2024లో ఆ షేర్ స్క్రీన్ చూసినవాళ్లకీ అదే అనిపించి ఉంటుంది.

తేడా ఎక్కడుందంటే, ఆయన మధ్యలో వదల్లేదు. ధర పడుతున్నా ఇంకా పెట్టాడు. 2010లో ప్రమోటర్ల వైపు నుంచి 12.5 కోట్ల కొత్త షేర్లకి 400 కోట్ల రూపాయలు. ఇప్పుడు కంపెనీలో నాలుగింట మూడొంతులకి పైగా ఆయన వాళ్లదే. ఇది ధైర్యమా, మొండితనమా అంటే నేను రెండూ అంటాను. కానీ దానికి ఒక షరతుంది. పంతొమ్మిదేళ్లు స్క్రీన్ ఎర్రగా ఉన్నా ఇంట్లో పొయ్యి వెలగాలి. సర్వర్‌వర్క్స్ అమ్మినాయనకి వెలుగుతుంది. పైగా కంపెనీ నడిపేది తనే, ఏ బిల్డింగు కట్టాలో తనే నిర్ణయిస్తాడు. కింద పోర్షన్ కుర్రాడికి రెండు నెలల్లో ఫీజు కట్టాలి. "లాంగ్ టర్మ్ ఇన్వెస్ట్‌మెంట్" అని ఇద్దరూ ఒకే మాట అనొచ్చు, కానీ ఒకరి లాంగ్ టర్మ్ ఇరవై ఏళ్లు, ఇంకొకరిది అరవై రోజులు.

సరే, వైజాగ్ సంగతి. 2025 అక్టోబర్ 12న మంత్రి నారా లోకేష్ ఇక్కడ సిఫీ డేటా సెంటర్‌కి, కేబుల్ ల్యాండింగ్ స్టేషన్‌కి శంకుస్థాపన చేశారు, రుషికొండ వైపు. రెండు దశల్లో 1,500 కోట్లు, 50 మెగావాట్లు అని చెప్పారు. రెండు రోజులకి, అక్టోబర్ 14న గూగుల్ వైజాగ్‌లో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. చూశారా, రెంటిలోనూ 1,500 కోట్లే, ఒకటి రూపాయలు, ఇంకోటి డాలర్లు. వాట్సాప్‌లో ఈ రెండూ కలిపేసి తిప్పారు, సిఫీకే 1,500 కోట్ల డాలర్లు వస్తున్నాయని. ఆ రెండూ వేరు వేరు ప్రాజెక్టులు.

కేబుల్ ల్యాండింగ్ స్టేషన్ గురించి ఒక నిమిషం. మనం చూసే విదేశీ వీడియో శాటిలైట్ నుంచి వస్తోందని చాలామంది అనుకుంటారు. దాదాపు అంతా సముద్రం అడుగునే వస్తుంది. వెంట్రుకంత సన్నని గాజు తీగలు, వాటిలో వెలుగు. లోతు సముద్రంలో ఆ కేబుల్ తోటకి నీళ్లు పెట్టే పైపంత లావే ఉంటుంది. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం చుట్టూ ఉక్కు తీగలు చుడతారు, లంగర్లు, చేపల వలలు తగిలి తెగకుండా. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు కదా మనది, ఆ ఇబ్బంది ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డుకొచ్చిన కేబుల్‌ని ఒక బిల్డింగులోకి తీసుకెళ్లి దేశం లోపలి లైన్లకి కలుపుతారు. ఆ బిల్డింగే ల్యాండింగ్ స్టేషన్. ఇన్నాళ్లూ అవి ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి వైపు. ఇంత పొడవు తీరం ఉండి కూడా మన ఆంధ్రా ఒడ్డుకి రాలేదు. సిఫీ కట్టేది "ఓపెన్" స్టేషన్ అంటున్నారు, అంటే ఎవరి కేబులైనా వచ్చి కిరాయి కట్టి దిగొచ్చు. మళ్లీ అద్దె ఇల్లే.

ఇక ఐపీఓ. అది నిజమే. సిఫీ డేటా సెంటర్ల విభాగం పేరు సిఫీ ఇన్ఫినిట్ స్పేసెస్. 2025 అక్టోబర్‌లో సెబీ దగ్గర ముసాయిదా పత్రాలు పెట్టింది, 3,700 కోట్లకి. అందులో 2,500 కోట్లు కంపెనీకి కొత్తగా వచ్చే డబ్బు. మిగతా 1,200 కోట్లు కంపెనీకి రావు, ముందు డబ్బు పెట్టిన కోటక్ ఫండ్లు తమ వాటా అమ్ముకుని తీసుకెళ్లేవి. ఆ పత్రం సెబీ సైట్‌లో ఫ్రీగా ఉంటుంది, మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. వందల పేజీలు, నిజమే. అన్నీ చదవక్కర్లేదు. "రిస్క్ ఫ్యాక్టర్స్" అనే భాగం తెరవండి. కంపెనీ తన లోపాలు తనే రాసుకునే చోటు అదొక్కటే. ఐపీఓలో షేర్ కావాలంటే మీ డీమ్యాట్ నుంచి, మీ బ్యాంకు అకౌంట్లోనే డబ్బు బ్లాక్ అయ్యేలా అప్లై చేస్తారు. షేర్ రాకపోతే బ్లాక్ తీసేస్తారు, డబ్బు మీ దగ్గరే ఉంటుంది. టెలిగ్రామ్‌లో ఎవడికో యూపీఐ కొట్టడం అనేది ఆ పద్ధతిలో ఎక్కడా లేదు.

ఇదంతా అయ్యేసరికి పన్నెండు దాటింది. కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు, "అడ్వాన్స్ పదివేలు నిన్ననే కొట్టేశానన్నయ్యా."

ఆ రాత్రే 1930కి ఫోన్ చేశాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది, రాసి పెట్టుకోండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ట్రాన్సాక్షన్ నంబర్, స్క్రీన్‌షాట్లు అన్నీ ఇచ్చాం. కంప్లైంట్ నంబర్ వచ్చింది. ఆ పదివేలు వెనక్కొస్తాయో రావో ఇంకా తేలలేదు. మిగతా లక్షా తొంభై వేలు పొద్దున్నే వాళ్లమ్మ కాలేజీకి తీసుకెళ్లి కట్టేసింది. గడువుకి రెండు నెలల ముందే. కౌంటర్లో ఆయన ఆశ్చర్యపోయాడట. తక్కువైన పదివేలు ఏమయ్యాయని ఆవిడ అడిగింది, వీడు బండి రిపేరు అన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు, అది నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఈ ఎపిసోడ్ ఆవిడ చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది. చెప్పే ముందు వాణ్ణి అడిగాను, "చెప్పెయ్ అన్నయ్యా" అన్నాడు.

ఈ ఆదివారం పొద్దున్నే వాడి బండి మీద ఇద్దరం రుషికొండ వెళ్తున్నాం, ఆ కేబుల్ ఎక్కడ ఒడ్డుకొస్తుందో చూసొద్దామని. చూడ్డానికి ఏమీ ఉండదని వాడికి ముందే చెప్పాను, ఇసుకే ఉంటుంది. అయినా చూడాలట. వీడియో తీస్తే పెడతాను. ఉంటాను మరి.